23వ పేజీ దాటని పుస్తకం

తెనాలిలో ఉంటున్న మా చెల్లెలు మార్చి నెలలో ఒక రాత్రి ఫోన్ చేసి అడిగిన ప్రశ్నతో ఈ అధ్యాయం మొదలుపెడతాను. "అన్నయ్యా, చదవడం మర్చిపోయే జబ్బు గానీ ఉంటుందా? మూడు వారాల నుంచి ఒకటే నవల పట్టుకుని కూర్చున్నాను. రోజూ 23వ పేజీ తీస్తాను. అందులో ఒకాయన రైలు దిగుతాడు. పేజీ చివరికి వస్తాను, ఏం చదివానో తెలీదు. మళ్లీ పైకి వెళితే ఆయన మళ్లీ రైలు దిగుతూ ఉంటాడు."

తను బ్యాంకులో పనిచేస్తుంది. మార్చి అంటే ఇయర్ క్లోజింగ్. పంట రుణాల రెన్యువళ్లు, బంగారం లోన్ల లెక్కలు, రాత్రి ఎనిమిదైనా బ్రాంచిలో లైట్లు ఆరవు. పెద్దవాడికి పదో తరగతి పరీక్షలు. చిన్నదానికి ఆరేళ్లు. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నానికే ఇంటికొచ్చి వాళ్ల నాయనమ్మ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. నెలాఖరుకి అటూ ఇటూగా ఉగాది. ఇలాంటి నెలలో చదవడానికి టైము లేదంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ తను అడిగింది అది కాదు. పిల్లలు పడుకున్నాక ఒక అరగంట దొరుకుతూనే ఉంది. ఆ అరగంటా కళ్లు అక్షరాల మీదే ఉంటున్నాయి. అయినా ఆ రైలాయన ప్లాట్‌ఫారం దాటడం లేదు.

ఈ మాట నాకు చాలామంది చెప్పారు. పెళ్లి పనుల్లో ఉన్నవాళ్లు, ఆసుపత్రిలో పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లు. అందరూ చివరికి ఒకటే అంటారు, నాకు ఏకాగ్రత తగ్గిపోయిందని. అది నిజం కాదని నా నమ్మకం. లోపల ఏం జరుగుతుందో ఒక్కొక్క మెట్టూ దిగి చూద్దాం.

చూపు గెంతులు

చదివేటప్పుడు మన చూపు వరుస వెంట నూలుపోగులా జారుతూ పోతుందని అనిపిస్తుంది. అది కంటి భ్రమ. 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఎమిల్ జవాల్ అనే కంటి వైద్యుడి ప్రయోగశాలలో ఈ సంగతి బయటపడింది. కళ్లు ఒకచోట ఆగి, గభాల్న గెంతి, మళ్లీ ఇంకోచోట ఆగుతాయి. ఆ గెంతుని ఫ్రెంచిలో సకేడ్ అన్నారు, అంటే కుదుపు. మనం చూపు గెంతు అందాం. ఆగిన క్షణాన్ని శాస్త్రవేత్తలు ఫిక్సేషన్ అంటారు. మనకి మజిలీ అనే మంచి మాట ఉంది.

ఒక్కో మజిలీ సుమారుగా సెకనులో నాలుగో వంతు. గెంతు అంతకంటే చాలా చిన్నది, సెకనుని వంద ముక్కలు చేస్తే అందులో రెండు నుంచి నాలుగు ముక్కలు. మనం చదివేదంతా మజిలీల్లోనే. గెంతే సమయంలో మెదడు చూపుని దాదాపు మూసేస్తుంది. కావాలంటే అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని చూడండి, తర్వాత కుడి కంటిని చూడండి. మీ కళ్లు కదలడం మీకు ఎప్పటికీ కనపడదు. పక్కన నిలబడ్డవాళ్లకి కనపడుతుంది.

ఇంతకీ ఎందుకు గెంతాలి? చెయ్యి బారుగా చాపి బొటనవేలు చూడండి. ఆ వేలి వెడల్పు ఎంతో, మన కంటికి పూర్తి స్పష్టంగా కనపడే మేర ఇంచుమించు అంతే. దాని చుట్టూ ఉన్నదంతా మసక. అందుకని ఆ చిన్న వెలుగుని పేజీ మీద అక్కడోసారి, ఇక్కడోసారి వేసుకుంటూ పోవాలి. పొడుగు మాటల మీద రెండుసార్లు ఆగాల్సి రావచ్చు. మన తెలుగులో పొడుగు మాటలకి కొదవ లేదు. 'వెళ్లలేకపోతున్నానన్నాడు' అన్న ఒక్క మాటలో వెళ్లడం ఉంది, చేతకాకపోవడం ఉంది, చెప్పిన మనిషీ ఉన్నాడు.

వెనక్కి గెంతడం కూడా చదువులో భాగమే. ఇంగ్లీషు బాగా చదవగలిగినవాళ్లలో కూడా వంద గెంతులకి పది పదిహేను వెనక్కే ఉంటాయని పరిశోధకులు లెక్కగట్టారు. అర్థం ఎక్కడో తెగిందని మెదడుకి తోచగానే చూపు వెనక్కి వెళ్లి ఆ తెగినచోట ముడి వేసుకుని వస్తుంది. కాబట్టి మళ్లీ పైకి వెళ్లి చదవడం తప్పేమీ కాదు. మా చెల్లెలి కష్టం వేరు. పైకి వెళ్లినా ముడి పడటం లేదు.

విజిళ్లు లెక్కపెట్టే గొంతు

ఒక పని చెయ్యండి. ఈ పేరా చదువుతున్నంతసేపూ పెదవుల్లో "ఒకటి, రెండు, మూడు, ఒకటి, రెండు, మూడు" అని గొణుగుతూ ఉండండి. తేలిక వాక్యాలు ఎలాగో అర్థమవుతాయి. పొడవాటి, మెలికలున్న వాక్యం వచ్చేసరికి ఏదో ఒక చివర చేజారుతుంది. మౌనంగా చదివేటప్పుడు కూడా మనలో ఒక గొంతు వినపడుతూ ఉంటుంది. చదివిన మాటలు వాక్యం పూర్తయ్యేదాకా జారిపోకుండా ఆ లోగొంతే వాటిని తిప్పి తిప్పి పలుకుతూ పట్టుకుంటుంది. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే ఇద్దరు బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పట్టుకునే ఏర్పాటుకి ఒక నమూనా ఇచ్చారు. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. నేను పనిగట్టు అంటాను.

వంటింట్లో పొయ్యి పక్కనుండే గట్టు మీకు తెలుసు. స్టోరు గదిలో బస్తాల కొద్దీ సరుకు ఉండొచ్చు, వంట మాత్రం గట్టు మీద పెట్టుకున్నవాటితోనే చెయ్యాలి. గట్టు చిన్నది. ఒకేసారి ఏడు విడి సంగతులు, రెండు అటూ ఇటూగా, పడతాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ లెక్క ఇంకా తగ్గించి నాలుగు దగ్గర పెట్టాడు. నాలుగు! కత్తిపీట, ఉల్లిపాయలు, పోపులపెట్టె, పిండి గిన్నె. అంతే, గట్టు నిండింది.

తెలుగు చదవడానికి ఈ గట్టు మరీ అవసరం, ఎందుకంటే మన క్రియ వాక్యం చివర ఉంటుంది. "ఆదివారం గుంటూరు నుంచి వచ్చిన పెద్దబావ తెచ్చిన మామిడికాయల్లో పచ్చడికి పనికొచ్చేవి అత్తగారు పక్కింటివాళ్లకి..." ఇచ్చారా? ఇవ్వలేదా? ఇమ్మన్నారా? చివరి మాట వచ్చేదాకా బావనీ, కాయల్నీ, అత్తగారినీ, పక్కింటివాళ్లనీ అందరినీ గట్టు మీద నిలబెట్టి ఉంచాలి.

ఇప్పుడు మా చెల్లెలి ఇంటికి వద్దాం. రాత్రి పదికి తను సోఫాలో పుస్తకం తీస్తుంది. పొద్దున పెద్దవాడు తినివెళ్లే దానికోసం శనగలు కుక్కర్లో పెట్టి ఉంటుంది. అయిదు విజిళ్లు రావాలి. రెండు వచ్చాయి. ఆ 'రెండు' గట్టు మీద కూర్చుంది, దాన్ని లోగొంతు పలుకుతూనే ఉండాలి, లేకపోతే మర్చిపోతుంది. రైలాయన గురించిన వాక్యాన్ని పలకాల్సిందీ ఆ గొంతే. మూడో విజిల్ వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు దిగిపోవాలి. శనగలు మాడితే కుదరదు కాబట్టి దిగిపోయేది ఎప్పుడూ రైలాయనే.

ఇది రాస్తుంటే నాకు అష్టావధానం గుర్తొస్తోంది. అవధాని సమస్యాపూరణం చేస్తూ, దత్తపది పూర్తి చేస్తూ, నిషిద్ధాక్షరి తప్పించుకుంటూ, మధ్యమధ్య కొట్టే గంటలెన్నో కూడా లెక్కపెట్టి చివర్లో చెప్పాలి. ఆ ప్రక్రియకి అవధానం అని పేరు పెట్టడంలోనే మనవాళ్ల పరిశీలన కనపడుతుంది, ఆ మాటకి అర్థమే శ్రద్ధ పెట్టడం. ఛందస్సు, పదసంపద ఏళ్ల తరబడి అభ్యాసంతో స్టోరు గదిలో సిద్ధంగా ఉండబట్టి అవధానికి గట్టు మీద గంటలకి చోటు మిగులుతుంది. అంత సాధన చేసినవాళ్లకే సభలో చెమట పడుతుంది. పగలంతా బ్రాంచిలో లెక్కలు సరిచూసి వచ్చిన మనిషి, మూడు విజిళ్ల మధ్య నవల అర్థం కాలేదని తనని తాను తిట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పరాకు చదువు

విజిళ్లు ఆగిపోయాక కూడా పేజీ అర్థం కాకపోతే? అసలు కథ ఇక్కడుంది.

సంతకి వెళ్లి రాత్రివేళ తిరిగొచ్చే ఎడ్లబండ్లని చూసినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. బండివాడు నిద్రలో ఉంటాడు. ఎడ్లకి దారి తెలుసు, అవి నడుస్తూనే ఉంటాయి. మన కళ్లూ అంతే. రెండో తరగతి నుంచి అలవాటైన దారి. మనసు నిద్రపోయినా, పక్క ఊరికి పోయినా, అవి వరుస తర్వాత వరుస దాటుకుంటూ పేజీ చివరికి చేర్చేస్తాయి. మనసు ఇలా జారుకోవడాన్ని మైండ్ వాండరింగ్ అంటున్నారు. మనకి పరాకు అనే మాట ఎప్పటి నుంచో ఉంది.

2010లో ఎరిక్ రైకిల్, జోనథన్ స్కూలర్, మరొక సహచరుడు కలిసి నలుగురి చేత జేన్ ఆస్టెన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మొత్తం చదివించారు. చదువుతున్నంతసేపూ ఒక యంత్రం వాళ్ల చూపు ఎక్కడ ఆగుతోందో రాసుకుంటూ ఉంది. పరాకులో ఉన్నానని తెలియగానే బటన్ నొక్కమన్నారు. మధ్యమధ్య పరిశోధకులే ఆపి, "ఇప్పుడు మనసు ఎక్కడుంది?" అని కూడా అడిగారు. బుద్ధి పెట్టి చదువుతున్నప్పుడు చూపు అరుదైన మాట దగ్గర ఎక్కువసేపు, తెలిసిన మాట దగ్గర తక్కువసేపు ఆగుతుంది. మెలకువగా ఉన్న బండివాడు గుంత దగ్గర పగ్గం బిగించి, చదునైన చోట వదిలేస్తాడు చూడండి, అలాగ. పరాకులో పడ్డాక ఆ తేడా సన్నగిల్లింది. మజిలీలు బరువుగా, పొడుగ్గా సాగాయి. గుంతా ఒకటే, చదునూ ఒకటే.

ఇందులో నన్ను కుదిపింది ఇంకో విషయం. పరాకు మొదలవడానికీ, పరాకులో ఉన్నామని మనకి తెలియడానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆపి అడిగేదాకా తాము ఎక్కడున్నామో వాళ్లకే తెలియని సందర్భాలు ఉన్నాయి. దారి తప్పామని చెప్పాల్సిన మనసే కదా తప్పిపోయింది! అందుకే మనకి ఈ సంగతి పేజీ అడుగున, తిప్పబోయే ముందు మాత్రమే తెలుస్తుంది.

పోనీ ఇది ఏ కొద్దిమందికో వచ్చే లోపమా? అదే 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ రెండువేల మందికి పైగా మనుషుల్ని వాళ్ల ఫోన్ల ద్వారా వేళకాని వేళల్లో పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు చేస్తున్న పని మీద మనసు లేదు. అంటే మెలకువగా ఉన్న సమయంలో ఇంచుమించు సగం మనం ఇంకెక్కడో ఉంటాం. అక్కడ తరచుగా చేసేది రేపటి పనుల ఏర్పాటు. ఇల్లు నడిచేది ఆ ఏర్పాటుతోనే. కాబట్టి పరాకు మనసు చేసే పనే, కాకపోతే అది తనకి తోచిన వేళకి చేస్తుంది.

అడుగంటిన గిన్నె

పాలు అడుగంటిన గిన్నెని సరిగ్గా తోమకుండా అందులో టీ కాస్తే ఏమవుతుంది? టీలో మాడు వాసన. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు మొదటి పని కొంత మనసులో అంటుకుని ఉండిపోతుందని సోఫీ లెరోయ్ 2009లో చూపించింది. మొదటి పని సగంలో వదిలితే ఆ అంటు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆమె దీన్ని అటెన్షన్ రెసిడ్యూ అంది. మనకి అడుగంటు.

పూర్తికాని పనులు మనసుని వదలవన్న మాట ఇంకా పాతది. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే యువ పరిశోధకురాలు, మధ్యలో ఆపించిన పనులే మనుషులకి ఎక్కువగా గుర్తుంటాయని రాసింది. ఆ తర్వాత చేసిన ప్రయోగాల్లో అది ప్రతిసారీ తేలలేదు, గుర్తుండటం అన్న విషయంలో ఆమె మాట అంత గట్టిది కాదు. కానీ పూర్తికాని పని వేరే పనిలోకి చొరబడటం మాత్రం 2011లో మసికాంపో, బామైస్టర్ చేసిన ప్రయోగాల్లో స్పష్టంగా కనపడింది. మా చెల్లెలి ప్రశ్నకి అచ్చంగా జవాబు అందులోనే ఉంది. కొందరి చేత తమకి మిగిలిపోయిన ముఖ్యమైన పనులు రాయించి, తర్వాత ఒక నవలలో కొంత భాగం చదవమన్నారు. వాళ్ల మనసు మాటిమాటికీ పారిపోయింది, చదివింది తక్కువ అర్థమైంది. ఇంకొందరి చేత పనులతో పాటు వాటిని ఎప్పుడు, ఎలా చేస్తారో కూడా రాయించారు. పని ఒక్కటీ పూర్తికాలేదు, అయినా వాళ్లు నిమ్మళంగా చదవగలిగారు.

2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం ఇలాంటిదే నిద్ర విషయంలో చేసింది. 57 మంది యువతీయువకుల్లో సగం మంది పడుకునే ముందు అయిదు నిమిషాలు రాబోయే రోజుల్లో చెయ్యాల్సినవి రాశారు. మిగతా సగం ఆ మధ్య పూర్తిచేసినవి రాశారు. చెయ్యాల్సినవి రాసినవాళ్లకి సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

ఇది చెప్పి, చెల్లెల్ని పుస్తకం తెరవడానికి ముందు ఒక కాగితం తీసుకోమన్నాను. పాత డిపాజిట్ స్లిప్పు వెనక రాసి నాకు ఫొటో పంపింది. "పాలవాడికి 1,240, రేపు పొద్దున్నే. హాల్ టికెట్ జిరాక్సులు రెండు, బ్రాంచికి వెళ్తూ. అత్తయ్య బీపీ మాత్రలు, శనివారంతో ఆఖరు, శుక్రవారం తేవాలి." ఆ కింద, అడ్డంగా, "ఉగాది" అని ఒక్క మాట. దాని చుట్టూ పెన్నుతో మూడుసార్లు సున్నా చుట్టి ఉంది. నేను ఫోన్ చేసి, మిగతావి సరే, ఆ సున్నాలోదే నిన్ను చదవనివ్వదు, దాన్ని విడగొట్టమన్నాను. అయిదు నిమిషాల తర్వాత ఇంకో ఫొటో. "వేపపువ్వు, వెనకవీధి మామ్మగారిని అడగాలి, ఆదివారం. కొత్త బెల్లం, ఆయన తెస్తారు. గుమ్మాలకి పసుపు, పెద్దాడు పరీక్ష లేని రోజు." ఆ రాత్రి రైలాయన ప్లాట్‌ఫారం దాటి జట్కా ఎక్కాడట.

చెల్లెలి ఊరి పక్కనే కొల్లిపర. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ గ్రంథాలయం నడిపారు. అప్పట్లో ఆ పల్లెలకి కాలవే రోడ్డు. పడవలో కూర్చున్న ప్రయాణికులకి పుస్తకాలు అందేవి. ఆ పెద్దలు ఎంత చక్కటి చోటు పట్టుకున్నారా అనిపిస్తుంది నాకు. పడవ ఎక్కాక చేతిలో పని ఉండదు, దిగేదాకా చెయ్యగలిగింది లేదు, ఎప్పుడు చేరతామో ఇంచుమించు తెలుసు. గట్టు ఖాళీ. మనకిప్పుడు కాలవ ప్రయాణం లేదు గానీ, ఆ డిపాజిట్ స్లిప్పు చేసేది కొంతవరకు ఆ పడవ పనే.

చిన్నదాని పక్కన

ఒక సంగతి మిగిలిపోయింది. ఆ మార్చి అంతా తన నవల చదవలేకపోయిన రోజుల్లో కూడా చెల్లెలు చిన్నదానికి రోజూ ఒక బొమ్మల కథ చదివి వినిపించింది. దాన్ని తను చదవడం కింద లెక్కవెయ్యలేదు. నేను వేస్తాను.

2013లో కెనడాలో ఒక ప్రయోగం చేశారు. అందులో ప్రతి ఒక్కరూ ఒకే తరహా పాఠాల్లో ఒకదాన్ని మౌనంగా చదివారు, ఒకదాన్ని పైకి చదివారు, ఇంకొకటి ఎవరో చదువుతుంటే విన్నారు. పరాకు అన్నిటికన్నా తక్కువ పడింది పైకి చదివినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ వినేటప్పుడు. పైకి చదివితే గొంతు, చెవి, కన్ను మూడూ ఆ మాట మీదే ఉంటాయి, లోగొంతుకి వేరే పని చేసుకునే వీలు తగ్గుతుంది. గిన్నెలు తోముతూ ఫోన్లో కథలు వినేవాళ్లకి కథ మధ్యలో ఎందుకు తెగుతుందో కూడా దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

పక్కన పడుకున్న పిల్లకి ఏం దక్కుతుంది? ఇంట్లో మనం పిల్లలతో మాట్లాడేది పెద్దగా మారదు. రా, తిను, పళ్లు తోముకో, చెప్పులు వేసుకో. జెస్సికా మాంటాగ్, ఆమె సహచరులు 2015లో బొమ్మల పుస్తకాల్లోని మాటల్నీ, పెద్దలు పిల్లలతో ఆడే మాటల్నీ పక్కపక్కన పెట్టి లెక్కించారు. అదే పరిమాణం మాటల్లో పుస్తకాల్లోనే ఎక్కువ రకాల పదాలు కనిపించాయి. వాళ్లు చూసినవి ఇంగ్లీషు పుస్తకాలు. మన ఇంట్లో కూడా అడవి, చెలమ, నక్క, గుహ లాంటి మాటలు రోజువారీ మాటల్లో ఎన్నిసార్లు వస్తాయో ఆలోచించండి. అదే ఏడాది జాన్ హట్టన్ బృందం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 19 మందికి కథ వినిపిస్తూ మెదడు స్కాన్ తీసింది. ఇంట్లో ఎక్కువ చదివి వినిపించే పిల్లల్లో, విన్నదాన్ని దృశ్యంగా అల్లుకోవడానికీ, అర్థం చేసుకోవడానికీ తోడ్పడే ఎడమవైపు భాగం ఎక్కువ చురుగ్గా కనిపించింది. 19 మంది అంటే చిన్న ప్రయోగమే, దాన్నిబట్టి ఇదే కారణం అనలేం. అయినా నాకు ఆ దృశ్యం ఇష్టం. స్కానర్ లోపల ఆ పిల్లలకి బొమ్మలు చూపించలేదు. గొంతు మాత్రమే వినపడింది.

పైకి చదివినా పరాకు పూర్తిగా పోదు. తగ్గుతుందంతే. మార్చి 30 రాత్రి సంగతి చెల్లెలు చెప్పింది. కథ చదువుతోంది, గొంతు మార్చి నక్కలా, కాకిలా పలుకుతోంది, పేజీ తిప్పుతోంది. మనసు మాత్రం మర్నాటి క్లోజింగ్‌లో తేలని ఒక మొత్తం దగ్గర ఉంది. చిన్నది తన చెయ్యి తీసి పేజీ మీద పెట్టి ఆపింది. "అమ్మా, మరి కాకి ఎందుకు అలిగింది?"

తనకి తెలీదు. కాకి అలిగిందన్న సంగతే తెలీదు. ఇప్పుడే తన నోటితో తనే చదివింది.

"ఉండు, చూద్దాం" అని పేజీ వెనక్కి తిప్పింది. చిన్నది బోర్లా తిరిగి, 'అనగనగా' కింద వేలు పెట్టింది. ఈసారి ఆ వేలు కదిలిన మేరకే తనూ చదివింది.